పెద్దమ్మది ప్రమాదం కాదు

మా పక్క పోర్షన్ పెద్దమ్మ పోయింది. ‘ప్రమాదవశాత్తు కరెంట్ షాక్’ అని పేపర్‌లో జిల్లా పేజీ అడుగున వేశారు. అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది. ఎక్కడి ప్రమాదం? వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆ గోడకు కరెంట్ వస్తోందని ఆమె ఇంటి ఓనర్‌కు మొత్తుకుంటూనే ఉంది. కేసు కోర్టుకెళ్లింది, నేను సాక్షిని. అక్కడ చెప్పబోయేదే ముందు మీకు చెబుతున్నాను.

దుమ్ముగూడెం వైపు నుంచి కూతురితో ఖమ్మం వచ్చి, మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీసేది. సాయంత్రం రాగానే మా పాపను ఎత్తుకోవాలని చేతులు చాచేది, మళ్లీ వెనక్కి తీసుకునేది. “ఆగు బిడ్డా, కారం చేతులు” అని వరండాలో బకెట్ ముందు కూర్చుని మోచేతుల దాకా కడుక్కునేది. తర్వాతే పిల్ల, తర్వాతే పొయ్యి. నేను జ్వరంతో పడుకుంటే పథ్యం వండిపెట్టింది ఆమే. ఆ రుణం తీర్చుకోలేదు.

వరండా స్విచ్చుబోర్డు చుట్టూ గోడంతా చెమ్మ. చెయ్యి ఆనిస్తే జివ్వుమనేది. మేమంతా చెప్పులేసుకుని, పుల్లతో స్విచ్చు వేయడం అలవాటు చేసుకున్నాం. ఆమె చేసుకోలేదు. ఓనర్ మేడ దిగినప్పుడల్లా ఎదురెళ్లి నిలబడేది.

“ఇల్లు కిరాయిది గానీ పాణం కిరాయిది కాదు గద సారూ. జర బాగు చేయించుండ్రి.”

“వానలు పోయినంక చూద్దాం. నచ్చకపోతే ఖాళీ చెయ్యి” అనేవాడు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుని లేస్తూ కాలు జారి గోడ పట్టుకుంది. అంతే.

దవాఖానా నుంచి ఆమెను తెచ్చేసరికి గేటుకు తాళం. కిరాయికున్న వాళ్ల శవాన్ని లోపలికి రానివ్వకపోవడం మన దగ్గర పాత ఆనవాయితే. తన ఇల్లు చంపిన మనిషికీ అదే రూలు చెప్పాడు ఆ మహానుభావుడు.

“పీనుగు లోపలికొస్తే రేపు ఈ పోర్షన్ల ఎవలుంటరు?”

“ఎవలూ ఉండొద్దనే తెచ్చిన” అంది కూతురు.

తాళం పగలగొట్టాం. గోడకు దూరంగా, వరండా మధ్యలో పడుకోబెట్టాం. ఓనర్ మీద కేసు రాసేదాకా లేపేది లేదన్నాం.

ఎస్సై వచ్చాడు. ఓనర్ చేతులు కట్టుకుని, “గోడ మంచిగనే ఉంది సార్. నాకెవ్వలు ఏం చెప్పలే. తడి చేతుల్తోని స్విచ్చు ముట్టుకుంది” అన్నాడు. రోజంతా మిరపకాయల్లో చేతులు పెట్టే మనిషి ఇంటికొచ్చి కడుక్కోకుండా ఎట్లా ఉంటుంది? చెంప పగలగొట్టాలనిపించింది.

ఎస్సై తలూపాడు. శవం దగ్గరికి వెళ్లడానికి బూట్లు విప్పబోతూ, ఆసరా కోసం గోడ వైపు చెయ్యి చాచాడు.

“సార్, సార్, ఆ గోడ ముట్టకుండ్రి” అని ఓనర్ అరిచాడు.

ఎస్సై చెయ్యి గాలిలోనే ఆగింది. అందరం ఓనర్ మొహమే చూస్తున్నాం.