పదమూడో క్యాసెట్

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టీ అంగడికీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కుని హెన్రీ వీడియో లైబ్రరీ ఉండేది. ఇరుక్కుని అన్నది ఊరికే అన్నమాట కాదు. హెన్రీ కూర్చుంటే గిరాకీ నిలబడాలి, గిరాకీ కూర్చుంటే హెన్రీ నిలబడాలి. అక్కణ్ణించే ఉదయగిరికీ, దుత్తలూరుకీ, వరికుంటపాడుకీ బస్సు డ్రైవర్ల చేతికిచ్చి క్యాసెట్లు పంపేవాడు. పంపిన క్యాసెట్ వారం తిరిగేసరికి అదే బస్సులో వెనక్కి వచ్చేది. మనిషి మంచివాడే. అబద్ధం ఆడాలంటే నాలుక తడబడే రకం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టే అతను ఒక్కసారి అబద్ధం ఆడితే అందరూ నమ్మారు.

తొంభై నాలుగులో ఊళ్లోకి కేబుల్ వచ్చింది. కరెంటు స్తంభాల మీద నల్ల వైరు పాకిన నెలలోనే సినిమా క్యాసెట్లు అడిగే నాథుడు లేకుండా పోయాడు. హెన్రీ మద్రాసు వెళ్లి, కేబుల్లో రానిది ఏదైనా ఇమ్మని జనార్దనయ్యను బతిమాలుకున్నాడు. ఈ జనార్దనయ్య మన వైపు మనిషే. జపాను బొమ్మల కథల క్యాసెట్లు తెప్పించి దక్షిణాది అంతా పంచుతానని ఉన్నదంతా అందులో పోసినవాడు. ఆయన షాపులోనూ ఈగలే తిరుగుతున్నాయి. అయినా మంచి సరుకు చూపించాడు. సముద్రం మధ్య ఒక దీవి, అందులో లైట్‌హౌసు, తల్లీ కూతురూ. తండ్రి ఓడెక్కి పోయి తిరిగి రాలేదు. మొత్తం పదమూడు క్యాసెట్లు.

ఆ పెట్టెలు చూసి హెన్రీ మనసు పారేసుకున్నాడు. మన సినిమా క్యాసెట్ల మీద హీరో మొహం మసిపూసినట్టు ఉంటుంది కదా, ఇవి అలా కాదు. అట్ట మీద నీలం సముద్రం చేత్తో గీసినట్టే ఉంది. మూత తీస్తే లోపల పోస్టుకార్డంత బొమ్మ, ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోటి. పిల్లలు ఆ బొమ్మ కోసం కొట్టుకునేవారు. పెద్దవాళ్లు కొట్టుకోలేదు గానీ దాన్ని వెనక్కి ఇవ్వడం మాత్రం మరిచిపోయేవారు.

చిక్కల్లా భాష. మాటలు జపానువి, కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషువి. అందుకని హెన్రీ ఒక్కో క్యాసెట్‌తో పాటు తెలుగులో కథ రాసి పంపాడు. అయితే చిన్నప్పటినుంచి టూరింగ్ టాకీసులో పాటల పుస్తకాలు చదివి పెరిగిన మనిషాయె. వాటిలో ఎలా ఉంటుందో అలాగే సగం కథ చెప్పి, "మిగతాది తెర మీద చూడండి" అని ముగించాడు. ఉదయగిరిలో అతని క్యాసెట్లు అద్దెకిచ్చే ఓబులయ్య ఫోన్ చేసి మరీ తిట్టాడు.

"తెర మీద చూస్తే వాళ్లు జపాను మాట్లాడతా ఉండారు గదరా. మిగతాది నువ్వు చెప్పకపోతే ఎవురు చెప్తారు?"

ఆ రోజునుంచీ కథ మొత్తం రాసే పని హెన్రీ భార్య సుకుమారి తీసుకుంది. ఆమె స్కూలు టీచరు, ఇంగ్లీషు చదవగలదు. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ సండే స్కూలు పాఠాలు స్టెన్సిల్ మీద రాసి సైక్లోస్టైల్ కాపీలు తీసేది కూడా ఆమే. వరికుంటపాడులోనూ దుత్తలూరులోనూ ఆ గుండ్రటి అక్షరాలు ఎరగని క్రైస్తవుల ఇల్లు లేదు. బైబిలు కథలు ఆ అక్షరాల్లోనే చదువుకున్నారు. ఇప్పుడు లైట్‌హౌసు కథా అదే అక్షరాల్లో వచ్చింది. అందులో రాశారంటే జరిగినట్టే లెక్క.

వరికుంటపాడులో నారాయణయ్య సోడా అంగడిలో ఆదివారం చర్చి వదిలాక ఆడవాళ్లూ పిల్లలూ టీవీ ముందు చేరేవారు. కాగితం చదివి వినిపించేది వరదమ్మ. ఏడో తరగతి దాకా చదివింది, గొంతు ఖంగుమంటుంది. ఆమె భర్త బోరు లారీతో ఉత్తరాదికి పోయి నాలుగేళ్లయింది. మొదటి ఏడు రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత అదీ లేదు. ఎనిమిదేళ్ల కూతురితో కూలికి పోతూ బతుకుతోంది. సుకుమారి ఆమె మీద జాలిపడి, ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని మాట్లాడింది. ఉండటానికి గది, కూతురికి చదువు. నెలాఖరులోగా చేరితే చాలని వార్డెనమ్మ చెప్పింది.

పన్నెండు క్యాసెట్లు వచ్చాయి. పదమూడోది రాలేదు. జనార్దనయ్య షాపుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మనిషిని పంపితే తాళం వేసి ఉందన్నాడు. ఇక్కడ నాలుగు ఊళ్లలో జనం ఒకటే పోరు. తండ్రి వచ్చాడా, రాలేదా? హెన్రీ రెండు వారాలు నెట్టుకొచ్చాడు. చివరి కథ ఏదో ఒకటి రాసివ్వమని భార్యను అడిగితే, చూడనిది ఎలా రాస్తానని ఆమె ఒప్పుకోలేదు.

అప్పుడు చేశాడు ఆ పని. ఆమె బడికి పోయినప్పుడు, ఆమె అక్షరాలు చూసి చూసి, ఆ వంపులే దింపి స్టెన్సిల్ మీద తనే కథ రాశాడు. తల్లీ కూతురూ ఇల్లు విడిచి కదల్లేదు కాబట్టి, ఏడో ఏడు తండ్రి నేరుగా ఆ గుమ్మానికే వచ్చాడు. టేపుకి బూజు పట్టింది, కథ చదువుకోండి అని చీటీ రాసి కాగితాలు పంపేశాడు. జనం ఏడ్చారట, నవ్వారట. మొదటి క్యాసెట్ నుంచి మళ్లీ చూస్తామని ఉదయగిరి వాళ్లూ దుత్తలూరు వాళ్లూ కబురు పెట్టారు. ఏడాదిగా చూడని గిరాకీ.

ఆ సంబరం మీద ఉండగానే మద్రాసునుంచి బస్సు పార్సిల్లో పదమూడో క్యాసెట్ వచ్చింది. షాపు ఎత్తేశాను, ఇచ్చిన మాట తప్పకూడదని పంపుతున్నాను అని జనార్దనయ్య రెండు ముక్కలు రాశాడు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం కూర్చుని చూశారు. తండ్రి ఎప్పుడో చనిపోయాడు. ఆ కబురు దీవికి చేరుతుంది. తల్లి ఏడుస్తుంది, ఆ తర్వాత తలుపుకు తాళం పెట్టి కూతుర్ని తీసుకుని బడి ఉన్న ఊరికి పడవెక్కుతుంది. అంతే కథ.

తను కల్పించి పంపిన ముగింపు సంగతి హెన్రీ అప్పుడు భార్యకు చెప్పాడు. వరదమ్మ హాస్టలు పనికి రానని కబురు పంపిందని సుకుమారికి ఆ పొద్దునే తెలిసింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"ఇల్లు తాళమేసి పోతే ఆయనొచ్చి ఎవుర్ని అడుగుతాడు అన్నదంట. నా చేతిరాతలో చదివి ఆ మాట అన్నాది. రాసింది మీరు, పోయి చెప్పాల్సింది మీరు."

రేపు పోతానన్నాడు. నిజంగానే పోదామనుకున్నాడు. మర్నాడు దుత్తలూరునుంచి కొత్త గిరాకీ వచ్చింది. ఆ మర్నాడు ఇంకేదో. కాగితం అబద్ధమని ఒక్క ఊళ్లో తెలిస్తే నాలుగు ఊళ్లలో తెలుస్తుంది, ఇక తన కాగితం ఎవడు నమ్ముతాడు? అంగడి పోతే ఏం తిని బతకాలి? నెలాఖరు ఇంకా ఉంది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. భయస్తుడికి కారణాలకేం కరువు. సుకుమారి రోజూ అడిగింది, రోజూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఆమె తప్పే.

సోమవారం వార్డెనమ్మ బడి దగ్గర కనపడి, రానన్న మనిషి కోసం ఎన్నాళ్లు చూస్తాను, పని వేరే ఆమెకు ఇచ్చేశానని చెప్పింది. ఆ మరుసటి పొద్దున్నే ఇద్దరూ క్యాసెట్ తీసుకుని వరికుంటపాడు బస్సెక్కారు.

నారాయణయ్య అంగడిలో అప్పుడెవరూ లేరు. వరదమ్మను పిలిపించారు. హెన్రీ నిలబడే చెప్పాడు. "ఆ కడాకరి కాయితం నేను కల్పించి రాసినానమ్మా. అసలు కథ ఇది." సుకుమారి పక్కన కూర్చుని ఇంగ్లీషు చదివి ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. వరదమ్మ కళ్లార్పకుండా చూసింది. తల్లి తాళం వేసే చోట మళ్లీ వెయ్యమని అడిగింది. రెండోసారి చూశాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ తల్లికైనా చెప్పినారు, చచ్చిపోయినాడని. నాకు అదీ చెప్పేవాళ్లు లేరు," అంది. సుకుమారి వైపు తిరిగి, "టీచరమ్మా, నేనొస్తాను. హాస్టల్లో చెప్పండి," అంది.

సుకుమారి తల దించుకుని, ఆ పని నిన్న వేరేవాళ్లకు పోయిందని చెప్పింది.

వరదమ్మ టీవీ వైపు చూసింది, హెన్రీ వైపు చూసింది.

"ఈ క్యాసెట్టు ఎప్పుడొచ్చినాదన్నా?"

ఇవాళే అని హెన్రీ నాలుక దాకా వచ్చింది. సుకుమారి అతన్నే చూస్తోంది. "తొమ్మిది రోజులైంది," అన్నాడు.

తిడుతుందేమోనని చూశాడు. తిడితే బాగుండుననీ అనిపించింది. ఆమె తిట్టలేదు. లేచి చీర దులుపుకుని, పన్నెండింటి బస్సు పోతే మళ్లీ మూడింటికి గానీ లేదని చెప్పి, కూలికి పోయింది.