తాళాలపిల్ల ముప్ఫై రెండో సంచిక

గ్రంథాలయంలో అందరూ ఆమెను అట్టలక్క అంటారు. చిరిగిన పుస్తకాలను మళ్ళీ కుట్టి అట్టలు వేయడం ఆమె పని. వెనకవైపు మెట్ల కింద పొడుగాటి గది, రెండు బల్లలు, పుస్తకాలను బిగించే ఇనుప మర, మేకులకు వేలాడే దారపు కండెలు, ఎప్పుడూ సగం నిండి ఉండే మైదా జిగురు గిన్నె. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే ఆమె రాజ్యం. "నేను చదవనమ్మా, నడుం విరిగితే కడతానంతే" అని అడిగినవాళ్ళకు చెప్పేది. పచ్చి అబద్ధం. చివరి పేజీలు ఊడిపోయిన పుస్తకం చేతికొస్తే ఆమెకు ఆ పూట అన్నం సయించదు. ఇంకెక్కడైనా ఆ పుస్తకం ఉందేమోనని వాకబు చేసి, నకలు తెప్పించి, అతికించాకే ఊపిరి పీల్చుకునేది.

ఈ జబ్బు పదకొండో ఏట అంటుకుంది. అప్పట్లో వాళ్ళ కుటుంబం ఒక సెలూను పైన రెండు గదుల్లో అద్దెకుండేది. నాన్న ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపేవాడు, అమ్మ బడి యూనిఫారాలు కుట్టేది. కింద సెలూనుకు ప్రతి నెలా మొదటి తారీఖున 'తాళాలపిల్ల' అనే బొమ్మల కథల పుస్తకం వచ్చేది. నడుముకు తాళంచెవుల గుత్తి కట్టుకుని, ముసలి బాబాయితో పడవలో ఊరూరా తిరిగే పిల్ల కథ అది. ఎక్కడైనా తలుపు తెరుచుకోకపోతే ఆమెకు కబురు వచ్చేది. సంచికకో తలుపు.

సెలూనాయన ఆ పుస్తకాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. జుట్టు కత్తిరించుకునేవాళ్ళకే చదివే హక్కు. అందుకని ఆమె తమ్ముడు నెలనెలా తలకాయ అప్పగించేవాడు. వాడు కుర్చీలో, ఈమె వాడి భుజం వెనకాల. "వీడి నెత్తిన కత్తిరించడానికి ఇంకేం మిగిలిందే?" అని సెలూనాయన విసుక్కునేవాడు. "ఉన్నదాంట్లోనే నిదానంగా కానివ్వండి మావయ్యా, ఇంకా ఆరు పేజీలున్నాయి" అనేది ఈమె.

ముప్ఫై ఒకటో సంచికలో తాళాలపిల్ల నది మధ్య లంకలో ఒక రాతి తలుపు దగ్గరికి వెళ్తుంది. బయట తాళం లేదు, చెవి పెట్టే కన్నం కూడా లేదు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పిల్ల తలుపు తడుతుంది. లోపలి నుంచి ఎవరో తిరిగి తడతారు. అక్కడితో ఆఖరి బొమ్మ. ప్రతిసారీ ఆ బొమ్మ మూలన చిన్న గడిలో 'తరువాయి వచ్చే నెల' అని ఉండేది. ఆసారి గడి ఉంది, అందులో అక్షరం ముక్క లేదు.

మరుసటి నెల పుస్తకం రాలేదు. ఆ పై నెలా రాలేదు. తమ్ముడి జుట్టు చెవుల మీదికి పెరిగింది.

అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళకు అదొక తెగని తగువు. లోపల దొంగలని తమ్ముడు, తాళాలపిల్ల తల్లి అని అక్క. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. తమ్ముడు కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో స్థిరపడ్డాడు. అయినా ఇద్దరూ ఎప్పుడు కలిసినా ఏదో ఒక మాట మీద కథ ఆ తలుపు దగ్గరికి చేరేది. "మీ ఇద్దరినీ ఆ తలుపవతల పెట్టి గడియ వేసేస్తే పీడా పోతుంది" అని మరదలు అనేది.

ఆమెకు యాభై మూడేళ్ళు వచ్చిన ఏడు, మూతబడిన ఒక బడి నుంచి గ్రంథాలయానికి పాత పుస్తకాల పెట్టెలు వచ్చాయి. మూడో పెట్టె అడుగున తాళాలపిల్ల కనిపించింది. ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా, పురికొసతో కట్టి. ఆమె ముందు చివరిది తీసింది. భూతద్దం పెట్టి ఆ మూల గడిని చూసింది. అచ్చులో చెరిగిపోయిన జాడ లేదు. కావాలనే ఖాళీగా వదిలిన గడి. కథ రాసిందెవరో, బొమ్మలేసిందెవరో ఎక్కడా లేదు. ప్రెస్సు పేరు ఉంది కానీ, ఆ ప్రెస్సు ఎత్తేసి చాలా కాలమైందని వాకబులో తేలింది.

వారం రోజులు పాత సంచికలు కుట్టుకు సిద్ధం చేస్తూ ఆమె మళ్ళీ అన్నీ చదివింది. ఈసారి ఒక సంగతి పట్టింది. బొమ్మల నోటి పక్క బుడగల్లో మాటలన్నీ అచ్చు అక్షరాలు కావు, ఎవరో చేత్తో రాసినవి. ముఖ్యంగా 'ళ'. దాని తోక లోపలికి మెలి తిరిగి, చెవి దుద్దులా ఒక చుక్క దగ్గర ఆగుతుంది.

ఆ ఆదివారం తమ్ముడు ఒక డాక్టరుకు పళ్ళ సెట్టు ఇవ్వడానికి వెళ్తూ అక్కను తోడు తీసుకెళ్ళాడు. అతనికి చూపించాలని ఆమె ముప్ఫై ఒకటో సంచికను సంచిలో పెట్టుకొచ్చింది, దారిలోనే తీసి ఆ 'ళ' చూపించింది. మెట్ల దగ్గర పాత రేకు బోర్డు: 'పళ్ళ వైద్యశాల'. ఆమె రెండో మెట్టు మీద అలాగే నిలబడిపోయింది.

"ఏమైందక్కా? నీక్కూడా పన్ను నొప్పా?"

"ఒరేయ్, ఆ 'ళ' చూడరా!"

తమ్ముడు చూశాడు. పళ్ళ సెట్టు డబ్బా చేతిలోంచి జారబోయింది.

బోర్డు రాసినాయన దుకాణం నాలుగు వీధుల అవతలే అని డాక్టరు చెప్పాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. అందరూ బోర్డుల మాస్టారంటారు. ఇప్పుడు బోర్డులన్నీ మిషన్ల మీద అవుతుంటే ఆయన ఇళ్ళ తలుపులకు పేరు పలకలు రాస్తున్నాడు. వీళ్ళు వెళ్ళేసరికి ముక్కాలిపీట మీద కూర్చుని, కుంచె మొన నాలుకతో తడిపి సరిచేస్తున్నాడు.

ఆమె సంచిలోంచి ముప్ఫై ఒకటో సంచిక తీసి, మూల గడి మీద వేలు పెట్టింది. "మాస్టారూ, ఇక్కడ ఎందుకు రాయలేదు?"

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. 

"నలభై రెండేళ్ళ తర్వాత వచ్చి అడుగుతున్నావా తల్లీ!"

"అప్పుడే అడిగేదాన్ని. మీ చిరునామా లేకపోయింది."

మాస్టారు పకపకా నవ్వి, ఇద్దరికీ బల్ల మీద చోటు చేశాడు.

పుస్తకం అమ్ముడుపోక ఆగిపోలేదని చెప్పాడు. ప్రెస్సులో రంగుల మిషను ఒక్కటే ఉండేది. యజమానికి బడి పాఠ్యపుస్తకాల పని దొరికింది. ఏడాది పొడుగునా మిషనుకు తీరిక లేదు. "లెక్కల పుస్తకం మింగేసింది తాళాలపిల్లని" అన్నాడు.

"నేనందుకే లెక్కల్లో తప్పాను" అన్నాడు తమ్ముడు.

"మూల గడిలో 'సమాప్తం' అని రాసెయ్యమన్నాడు యజమాని. పిల్ల తలుపు తట్టి నిలబడి ఉంటే సమాప్తం ఏమిటి? పోనీ తరువాయి అని రాద్దామా, అది అబద్ధం. రెండూ నా చేత కాలేదు. ఖాళీగా ఇచ్చి వచ్చేశాను. ఎవరూ గమనించలేదనుకున్నాను."

కథా బొమ్మలూ ఒక డ్రాయింగు టీచరమ్మవట. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఎవరో మగాయన అనుకున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మాస్టారు లేచి లోపలికి వెళ్ళి, రెండు అట్టల మధ్య భద్రంగా దాచిన ఒక కాగితం తెచ్చాడు. ముప్ఫై రెండో సంచిక మొదటి పేజీ. పెన్సిలు గీతలు. మాటలకు ఎంత చోటు పడుతుందో చూడమని టీచరమ్మ ముందుగా ఇచ్చిన పేజీ అది.

రాతి తలుపు జానెడు తెరుచుకుని ఉంది. లోపల తాళాలపిల్ల ఈడుదే ఇంకో పిల్ల, జుట్టు ముడేసుకుని, చేతిలో చీపురుతో. దొంగలు కాదు, తల్లి కాదు. ఆ పిల్ల నోటి పక్కన బుడగలో ఒకే మాట: "మెల్లగా తట్టు, పిల్లలు పడుకున్నారు."

తమ్ముడు కాగితం మీదికి వంగి ఆ మాట రెండుసార్లు చదివాడు.

"ఏ పిల్లలు?" అంది అట్టలక్క.

"నేనూ అదే అడిగాను. మామూలుగా నేను కథ పట్టించుకోను తల్లీ, అక్షరం వంపు చూసుకుంటాను. అన్ని నెలల్లో నేనడిగిన మొదటి ప్రశ్న అదే. ఆవిడేమందో తెలుసా? 'నాకూ తెలీదు మాస్టారూ, తలుపు ఇంకాస్త తెరిచాక చూద్దాం' అంది."

తిరిగి వస్తుంటే బస్సులో ఆమెకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడో ఒకరికి తెలిసే ఉంటుందని, అడగడమే తరువాయి అని నమ్మింది. తీరా చూస్తే రాసినావిడకే తెలియదట! రెండు స్టాపులు ముఖం ముడుచుకుని కూర్చుంది. మూడో స్టాపులో తమ్ముడు మెల్లగా అన్నాడు: "అక్కా, ఒకవేళ ఆ లంకలో పిల్లలకు బడి ఉందేమో."

"బడి అయితే లోపల గడియ ఎందుకురా?"

"పిల్లలు పారిపోకుండా."

"నీ మొహం. పారిపోయే పిల్లలు గడియ తీసుకోలేరా?" అంటూనే ఆమె అతని వైపు తిరిగి కూర్చుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ నెలలోనే ముప్ఫై ఒక్క సంచికలనూ ఒక్కటిగా కుట్టి, ముదురు నీలం గుడ్డ అట్ట వేసింది. పెన్సిలు పేజీ నకలు చివర అతికించింది. అట్ట మీద పేరు మాస్టారు చేతే రాయించింది. గ్రంథాలయాధికారి దాన్ని పిల్లల విభాగంలో పెట్టడానికి ఒప్పుకుంది కానీ, మొదట తీసుకున్నది పిల్లలెవరూ కాదు. పేరు రాయడానికి వచ్చిన మాస్టారే.

అక్షరాలన్నీ తనవే అయినా ఆయన ఆ కథ వరసగా ఎన్నడూ చదవలేదట. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం వచ్చి, కుట్టు గదిలో కిటికీ పక్క కుర్చీ లాక్కుని, భూతద్దంతో రోజుకో సంచిక చదువుతున్నాడు. తన పాత 'క'లు బాగా లేవని మధ్యమధ్య గొణుక్కుంటాడు. మొన్న పందొమ్మిదో సంచికలో ఆగి తలెత్తాడు.

"తల్లీ, ఈ పడవ బాబాయిది కాదా? మరి ఎవరిది?"

అట్టలక్క సూదిలో దారం ఎక్కిస్తూ తల తిప్పకుండానే అంది: "చెప్పను. చదవండి."