నేను చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. ఎల్లారెడ్డి దగ్గర మా పల్లెలో, ఆడుతూ ఆడుతూనే పడిపోయేదాన్ని. కామారెడ్డి డాక్టరు రోజూ వేసుకోమని గోలీలు రాసిచ్చాడు. ఇంతలో మా చర్చికి వచ్చిన ఒక ప్రసంగీకుడు నా తలమీద చేయిపెట్టి ప్రార్థించి, రోగం పోయిందన్నాడు. మా నాయనమ్మ ఇంటికి రాగానే గోలీలన్నీ పెంటకుప్పలో పారేసింది. "దేవుణ్ణి నమ్మినంక ఇవెందుకు?" అంది. ఆమె మాటకు ఇంట్లో ఎదురులేదు.

విచిత్రంగా, ఆ తర్వాత నేను పడలేదు. నెలలు గడిచాక ఒక ఆదివారం నాయనమ్మ నన్ను అందరి ముందు నిలబెట్టింది. గోలీలు మానేశానని, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పాను. నాకెంత గర్వమో! అమ్మ మాత్రం తల వంచుకుని కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

మా వాడకట్టులోనే మూర్ఛ వచ్చే పిల్ల ఇంకొకతి ఉండేది. నా సాక్ష్యం విని వాళ్లూ గోలీలు ఆపేశారు. కొన్నాళ్లకు ఆ పిల్ల పొయ్యి దగ్గర పడిపోయి, మోచేతి దాకా చేయి కాల్చుకుంది.

కబురు విని అమ్మ వాళ్లింటికి పరుగెత్తింది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడింది.

"నా బిడ్డకు నేను గోలీలు ఆపలే. మా అత్తమ్మకు తెల్వకుంట మళ్ల కొనుక్కొచ్చి, నూరి, రొట్టె బెల్లంల కలిపి తినిపించిన. అది సాక్ష్యం చెప్పిన నాడే నేను నోరు తెరవాల్సింది. మీ పిల్లలకు గోలీలు బంద్ చేయకుండ్రి."

ఇంటికొచ్చాక నాయనమ్మ ఏడ్చింది. "అయితే దేవుడు అబద్ధమా?" అని అడిగింది.

"నాకు తెల్వది అత్తమ్మా," అంది అమ్మ. "గోలి పెట్టినప్పుడల్లా ప్రార్థన గూడ చేసిన. ప్రార్థన ఆపితే ఏమైతదో నాకు ఎర్కలేదు. గోలి ఆపితే ఏమైతదో ఆ పిల్ల చెయ్యి చూసినంక ఎర్కైంది."

ఆ రాత్రి నాకు అమ్మమీద చాలా కోపం వచ్చింది. దేవుడు నన్ను ముట్టాడన్న సంతోషాన్ని ఆమె లాగేసుకుందనిపించింది. అంతలోనే ఆ పిల్ల గుర్తొచ్చి భయమేసింది.

ఇప్పుడు నా జుట్టు తెల్లబడింది. చర్చికి వెళ్తూనే ఉన్నాను. నాయనమ్మ అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఎవరైనా లేచి స్వస్థత పొందామని సాక్ష్యం చెబితే, ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, మందులు వాడుతున్నారు కదా అని అడుగుతాను. కొందరు మొహం తిప్పుకుంటారు. అయినా అడగకుండా ఇంటికి రాలేను.