అక్క రెస్టు రోజు

“ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చు” అన్నారు ఉద్యోగంలో చేరినప్పుడు. ఎక్కడున్నా వదలరని తర్వాత తెలిసింది. నేనుండే బ్యాంకాక్ నుంచి శని, ఆదివారాలు సముద్రం ఒడ్డుకెళ్ళినా లాప్‌టాప్ చంకనే ఉండేది.

మొన్న సెలవు పెట్టి బిలాస్‌పూర్ వచ్చాను. గూడ్స్ బండి నడిపే మా అక్క, తన రెస్టు రోజున ఖూటాఘాట్ డ్యామ్ చూపిస్తానని తీసుకెళ్ళింది. పులిహోర డబ్బా తెరిచామో లేదో, మా మేనేజర్ ఫోన్. మండుటెండలో గట్టుమీద నిలబడి ముప్పావుగంట వాడికి సంజాయిషీ చెప్పాను. ఒళ్ళు మండిపోతూ తిరిగొచ్చి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

ఇంతలో అక్కకి ఫోనొచ్చింది, డ్యూటీకి రమ్మని. “రెస్టులో ఉన్నాను, రాను” అని హిందీలో చెప్పి పెట్టేసింది.

“ఆణ్ని తిట్టడం కాదే, నీ రెస్టెప్పుడేటి?” అంది నాతో.

నా ఫోన్ మళ్ళీ మోగింది, మేనేజరే. ఎత్తి, “సారీ సర్, చెప్పండి” అన్నాను.