ఏడు సీవాళ్లు

తప్పు తనదని ఏకాంబరం ఏనాడూ ఒప్పుకోడని పుత్తూరంతా ఎరిగిన సంగతే. నాదస్వరం శ్రుతి తప్పితే ఎండ వల్ల, లేదంటే పెళ్లివారి పుల్లమజ్జిగ వల్ల. పంతొమ్మిది వందల నలభై రెండు వైశాఖంలో, సరిగ్గా తాళి కట్టే వేళకు వాద్యం పుస్సుమని గాలి వదిలింది. ఆయన దాని మొనకున్న సీవాళిని ఊడబెరికి ఉరిమి చూశాడు. పలికేది ఆ గడ్డి పీకే కదా మరి!

పెళ్లిపందిరి గొల్లున నవ్వింది. డోలు మునెయ్య ఊరుకుంటాడా?

"ఏందన్నా, సీవాళిలో పిల్లి దూరిందా?"

"నాసిరకం సరుకప్పా!"

నాలుక పక్కన, పొగాకు దాచుకునే చోట, మినపబద్దంత పుండున్న మాట మాత్రం చెప్పలేదు. నొప్పి లేదు. నొప్పే లేనిదాన్ని ఎవరితో చెప్పుకుంటాడు?

సీవాళి మార్చాడు. మరుసటి నెల మళ్లీ మార్చాడు. పాతవాటిని దారానికి గుచ్చి వాద్యానికే వేలాడగట్టాడు. కూరలో కారం వద్దంటుంటే భార్య వరదమ్మకు అనుమానమొచ్చింది.

"ఏమయ్యా, ఒకపారి నోరు తెరువు, సూస్తా."

"నేనేమన్నా సంతలో ఎద్దునా, పండ్లు సూపేదానికి?"

వరదమ్మ నవ్వేసింది. ఆ నవ్వును తలుచుకుని తరవాత ఎంత ఏడ్చిందో!

కార్తీకానికి నాలుక మొద్దుబారింది. తలగడ మీద నెత్తురు మరకలు. దవడ కింద గోళీకాయంత గడ్డ. వరదమ్మ, మునెయ్య కలిసి ఆయన్ని బొగ్గుబస్సెక్కించి, నిజంగా ఎద్దును తోలినట్టే చిత్తూరు ఆసుపత్రికి తోలుకుపోయారు.

డాక్టరు పుండు అంచులు వేలితో తడిమాడు. గట్టిగా ఉన్నాయి.

"ఎన్నాళ్లయింది?"

మాట తిరగక ఏకాంబరం సంచిలోంచి సీవాళ్ల దండ తీసి చూపాడు.

"నెలకొకటి మార్చినాడు సామీ. ఏడు," అన్నాడు మునెయ్య.

"నోట్లో పుండు మూడు వారాల్లో మానకపోతే, నొప్పి లేకున్నా చూపించుకోవాలయ్యా. మొదటిది మార్చినప్పుడే వచ్చివుంటే..." డాక్టరు కలం తీశాడు. మదరాసు పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. "పోండి. బాధన్నా తగ్గిస్తారు." తల మాత్రం ఎత్తలేదు.

బయట బస్సు కోసం కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచక మునెయ్య మొదటి సీవాళిని తడిపి నోట పెట్టుకున్నాడు. డోలు మనిషి ఊదినా అది చక్కగా పలికింది. రెండోదీ పలికింది.

"సాలు మునెయ్యా, ఆపప్పా!" అంది వరదమ్మ.

ఏకాంబరం ఆపనివ్వలేదు. ఊదమన్నట్టు మూడోదాన్ని మునెయ్య చేతికందించాడు. తరవాత నాలుగోది.

ఏడూ పలికాయి.

ఏకాంబరం పైగుడ్డతో నోరు కప్పుకున్నాడు.