ఆశ్రిత ఇల్లూ, శేషాచలంగారి తుమ్ములూ

మా ప్రత్తిపాడు సచివాలయంలో ఆశ్రిత అని ఒక అమ్మాయి పనిచేస్తుంది. జనం చేత మిషను మీద వేలిముద్రలు వేయించడం ఆ పిల్ల ఉద్యోగం. మిరపకాయల కోతకెళ్ళేవాళ్ళకి వేళ్ళు అరిగిపోయి ముద్ర ఓ పట్టాన పడదు. వాళ్ళు ముందు మిషన్ని తిడతారు, తర్వాత ఆ పిల్లని తిడతారు. ఆ పిల్ల మాత్రం "తుడుచుకుని మళ్ళీ పెట్టండి పెద్దమ్మా" అంటుంది. పదహారోసారి కూడా అదే గొంతుతో అంటుంది. పదహారని నాకెలా తెలుసంటే, నా పని అయిపోయాక కూడా నేనక్కడే కూర్చున్నాను, ఊరికే.

నేను చదివింది ఐదో తరగతి. అయితేనేం, మా వీధిలో ఎవరింట్లో ఇవాళ ఏం కూరో చెప్పగలను.

పోయినేడు శ్రావణంలో ఆశ్రితకి సాయికౌశిక్‌తో పెళ్ళయింది. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు, నెమ్మదస్తుడు. వాళ్ళ నాన్న శేషాచలంగారు చీరాలలో పౌరోహిత్యం చేస్తారు. కొత్త జంట మా వీధి చివర మేడ మీద గదిలో అద్దెకి దిగారు. కింద ఉండే ఓనరమ్మకి కుక్కరు కూత పడదు. మూడో కూత వినపడగానే చీపురు కర్రతో కింద నుంచి స్లాబుని పొడిచేది. కందిపప్పు మెత్తగా ఉడకాలంటే ఐదు కూతలు కావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి పాపం పలుకు మీదున్న పప్పే తింటున్నారు. ఈ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. నేను అడిగాక చెప్పారు.

"సొంతంగా చిన్న ఇల్లేదైనా ఉంటే చూడండి అమ్మమ్మగారూ" అంది ఓ రోజు ఆశ్రిత.

చూడ్డానికేముంది, మా ఎదురిల్లే ఉంది. జక్రయ్య మాస్టారిది. మూడు గదులు, ముందు వరండా, వెనక జామచెట్టు. మాస్టారూ, ఆయన భార్య ప్రేమమ్మా గుంటూరులో కూతురి దగ్గరికి వెళుతూ అమ్మకానికి పెట్టారు. బేరం కుదిరింది, బ్యాంకువాళ్ళూ లోను ఇస్తామన్నారు. ఒక్కటే చిక్కు. మాస్టారు నాలుగేళ్ళు నడిమి గదిని మిర్చి వ్యాపారికి అద్దెకిచ్చారు. అతను టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కప్పు దాకా పేర్చేవాడు. బస్తాలు వెళ్ళిపోయాయి గానీ ఘాటు వెళ్ళలేదు. గోడలకి పట్టింది, గచ్చు నెర్రెల్లో దూరింది.

శేషాచలంగారికేమో తుమ్ము పట్టింపు. బేరానికి అడ్వాన్సుతో ఇచ్చే తాంబూలం చేతులు మారకముందు ఒంటి తుమ్ము వినపడితే ఆ రోజుకి ఆ పని లేనట్టే. జంట తుమ్మయితే నిక్షేపంగా చేసుకోవచ్చు. ఆయన మాత్రం తుమ్మరు. నలభై ఏళ్ళుగా నశ్యం పీల్చిన ముక్కు, దేనికీ చలించదు.

మొదటి ఆదివారం ఆయన వచ్చి అన్ని దిక్కులూ చూసి, "దివ్యంగా ఉంది. అమ్మాయ్, తాంబూలం ఇవ్వు" అన్నారు. కౌశిక్ తుమ్మాడు. ఒక్కటే.

"ఇంకోటి తుమ్ము బాబూ" అన్నాను పక్క నుంచి.

పాపం ప్రయత్నించాడు.

"నోటితో చేసింది చెల్లదురా" అన్నారు శేషాచలంగారు, చెప్పులు వేసుకుంటూ.

రెండో ఆదివారం ప్రేమమ్మ తుమ్మింది. "అమ్మేవాళ్ళ తుమ్ము మనకెందుకండీ పంతులుగారూ" అన్నాను.

"ముక్కు ఎవరిదైనా ముక్కే పిచ్చమ్మగారూ" అన్నారాయన.

"ముప్పై ఏళ్ళు ఈ ఇంట్లో ప్రార్థన చేసుకుని పనులు మొదలెట్టాం. ఒక్కటీ ఆగలేదు" అంది ప్రేమమ్మ, కొంచెం కోపంగానే.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా ఆశ్రితా, ఆ వ్యాపారి ఇల్లు మొత్తం గోడౌనుకి కొంటానంటున్నాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తాడు. అప్పటిదాకా నీకోసం ఆపుతాను. ఆ తర్వాత నన్నేమీ అనుకోకూడదు."

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "జామచెట్టు కింద రాయి వేసుకుని బట్టలు ఉతుక్కోవచ్చని కూడా అనుకున్నానండీ" అంది ఆశ్రిత. ఆ పిల్ల గొంతు మారడం నేను వినడం అదే మొదలు.

"మామగారు లేకుండా తాంబూలం ఇచ్చెయ్యవే, ఏమవుతుంది?"

"ఆయన మనసు కష్టపెట్టి కొంటే గృహప్రవేశం ఎవరు చేయిస్తారండీ?"

నిజమే. ఇంట్లో పురోహితుణ్ణి పెట్టుకుని బయట నుంచి పిలిపిస్తే చీరాల దాకా నవ్వుతారు.

ఇక చూడండి ఆ వారం. మాస్టారి దగ్గర తాళం అడిగి తీసుకుంది. ఉద్యోగం నుంచి రాగానే కొంగు బిగించడమే. మొగుడు నీళ్ళు తోడి ఇస్తుంటే గచ్చు నాలుగుసార్లు కడిగింది. గోడలకి సున్నం వేయించింది. నెర్రెల్లో సిమెంటు పూసింది. శనివారం నన్ను తీసుకెళ్ళి గది మధ్యలో నిలబెట్టి, "గట్టిగా పీల్చండి" అంది. పీల్చాను. ఏమీ రాలేదు. ఇద్దరమూ నవ్వుకున్నాం.

మూడో ఆదివారం అందరం ఆ నడిమి గదిలోనే చాప మీద కూర్చున్నాం. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, అడ్వాన్సు కవరు. పన్నెండు గంటల పది నిమిషాలకి మంచి ఘడియ అన్నారు శేషాచలంగారు. ఇంకా ఒక్క నిమిషం ఉంది. అందరూ ఊపిరి కూడా చూసి చూసి వదులుతున్నారు. ఎండ మండిపోతోంది, పంతులుగారి మెడ మీద నుంచి చెమట కారుతోంది. నాకు జాలేసింది. లేచి ఫ్యాను వేశాను.

నాలుగేళ్ళుగా బస్తాల మధ్య ఇరుక్కుని తిరగని ఫ్యాను అది. గోడలు కడిగాం, నేల కడిగాం, తలెత్తి చూసినవాళ్ళు లేరు. రెక్కల మీద వేలు మందాన ఉన్న కారం ఒక్కసారిగా లేచి, జాతరలో కుంకుమ చల్లినట్టు అందరి మీదా పడింది.

మాస్టారు మొదలుపెట్టారు, కౌశిక్ అందుకున్నాడు. నేను తుమ్మితే కళ్ళజోడు ఊడి అరటిపళ్ళ మీద పడింది. నలభై ఏళ్ళ నశ్యపు ముక్కు కూడా లొంగిపోయింది. పంచాంగం ఎటు పోయిందో తెలీదు. ఎవరికీ ఏమీ కనపడటం లేదు. కౌశిక్ గోడ తడుముకుంటూ వెళ్ళి ఫ్యాను ఆపాడు. ఆశ్రిత తప్ప అందరం వరండాలోకి పడ్డాం.

శేషాచలంగారు కుళాయి దగ్గర మొహం కడుక్కుని, "ఎన్ని తుమ్ములు?" అన్నారు.

ఎవరికీ తెలీదు.

"పిచ్చమ్మగారూ, మీరు చూసే ఉంటారు."

నా కళ్ళెదురుగా జరిగింది నేను చెప్పలేకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తల దించుకున్నాను. వీధి మలుపులో వ్యాపారి బండి చప్పుడు. ముప్పావుగంట ముందే వచ్చేస్తున్నాడు.

అప్పుడు ఆశ్రిత లోపల్నుంచి ఖాళీ పళ్ళెంతో వచ్చింది. కళ్ళు పండు మిరపకాయల్లా ఉన్నాయి. "తాంబూలం ఇచ్చేశాను మామయ్యగారూ" అంది.

ప్రేమమ్మ బయటికి వస్తూ తెలీకుండానే మూటలా పట్టుకున్న కొంగులోకి చూసుకుంది. అరటిపళ్ళూ, కవరూ, నా కళ్ళజోడూ ఉన్నాయి.

"ఎప్పుడిచ్చావు?" అన్నారు శేషాచలంగారు.

"మీకు రెండో తుమ్ము వచ్చాక, మూడోది రాకముందు."

ఆయన వేళ్ళు మడిచి ఆలోచించారు. "మొదటి రెండూ జంటగానే వచ్చాయా?"

"జంటగానేనండీ."

"మరి మిగతావాళ్ళవి?"

"ఇంటి పెద్ద తుమ్మాక ఇంకొకళ్ళవి లెక్కలోకి వస్తాయా మామయ్యగారూ?"

పోయినవారం ముక్కు ఎవరిదైనా ముక్కే అన్నారు కదా అని అడగబోయాడు కౌశిక్. నేను అతని కాలు తొక్కాను.

"రావు" అన్నారు శేషాచలంగారు. గొంతులో కొంచెం గర్వం కూడా వినపడింది. "శుభం. మాస్టారూ, ఇల్లు మావాళ్ళదే."

మాస్టారు గేటు దగ్గరికెళ్ళి వ్యాపారికి ఆ మాటే చెప్పి పంపేశారు.

గృహప్రవేశం అయ్యాక, వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "నిజంగా రెండోదానికీ మూడోదానికీ మధ్యేనా?"

"ఎవరు చూశారండీ? కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను. ముందు మాస్టారి మోకాలు తగిలింది, దాని పక్కన ప్రేమమ్మగారు దొరికారు" అంది.

ఇప్పుడు వాళ్ళ తలుపు సరిగ్గా మా తలుపుకి ఎదురుగా ఉంది. కర్టెన్లు కొంటానంటోంది. వద్దంటున్నాను, గాలి రాదని.