నేను తగ్గించి చెప్పిన వరద

నేను కాస్త కలిపి చెప్పే మనిషినని మా వీధికంతా తెలుసు. ఆ పెద్ద వరదకు మా స్నానాలగదిలో కొర్రమీను దొరికిందనీ, మంచాన్ని పడవ చేసుకుని మలక్‌పేట పోయి కూరగాయలు తెచ్చాననీ ఎన్నోసార్లు చెప్పాను. దొరికింది కప్ప. నేను పోయింది గేటు దాకా.

ఒక్కసారి మాత్రం తగ్గించి చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ పోయే దారిలో, కొంచెం లోపలికి ఉంటుంది మా ఇల్లు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో మా కింది వాటా వీధికంటే రెండు మెట్లు పల్లమైంది. వరద తీశాక గోడల మీద నడుం ఎత్తున మట్టిగీత మిగిలింది. ఎంత కడిగినా పోలేదు. టూలెట్ బోర్డు పెట్టేముందు నేనే దానిమీద రెండు కోటింగుల రంగు వేశాను. నల్లగొండ నుంచి వచ్చిన జంట కిరాయికి దిగింది. బ్లౌజులు కుట్టే ఆ ఇల్లాలు నీళ్లొస్తాయా అన్నా, అని అడిగితే గడప దాకా వస్తాయన్నాను.

ఈసారి వానలు మొదలయ్యేసరికి ఆమె భర్త లారీ లోడు దింపుతూ కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఆమె నా మాట నమ్మి గడపకు అడ్డంగా రెండు వరుసల ఇటుకలు పేర్చి సిమెంటు పూసింది. మంచం కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టింది. మెట్ల మీద నిలబడి భేష్ అన్నాను కూడా.

మూడు రోజులు ముసురు. నాలుగో పొద్దున ఎగువ చెరువు నిండిందని కబురొచ్చింది. ఇప్పుడన్నా నిజం చెప్పమని నా భార్య నన్ను కిందికి తోలింది. నీళ్లు నడుం దాకా వస్తాయి, ఆయనను పైన మా వాటాలోకి మోసుకుపోదామన్నాను. ఆమె మిషన్ మీంచి తలెత్తకుండానే నవ్వింది.

"పో అన్నా, ఇగ కొర్రమీను గూడ వస్తదంటవ్. కాలు కదిలిస్తే ఆయనకు పాణం పోతున్నది. నీ కతలకు మెట్లెక్కియ్యాల్నా?"

ఒట్టు పెట్టాను. దానికీ నవ్వింది. చివరికి వాళ్ల వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి మంచం పక్క గోడ గీకాను. పెచ్చులు ఆయన దుప్పటి మీద రాలాయి. మట్టిగీత జానెడు బయటపడింది. ఆమె లేచి వచ్చి గీత మీద చెయ్యి పెట్టింది. అదే ఎత్తులో పక్కకు జరిపింది. పడుకున్న మనిషి ముఖానికి పైన, గాలిలో, ఆ చెయ్యి ఆగింది.

"గీ రంగు ఎవరేసిన్రు?"

"నేనే."

ఆమె పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. పక్కింటి ఇద్దరిని పిలిచి ఆయనను అందులో మోశాం. మెట్టుమెట్టుకూ ఆయన పళ్లు బిగబట్టాడు. మధ్యాహ్నానికి నీళ్లు ఇటుకలు దాటి, పరుపు ముంచి, గీతకు జానెడు కింద ఆగాయి.

వారం పాటు వాళ్లు మా హాల్లోనే ఉన్నారు. ఆమె నా భార్యతో కలిసి వండేది, నవ్వుతూ మాట్లాడేది. నన్నూ మర్యాదగానే భోజనానికి పిలిచేది.

"ఓనర్ సార్, అన్నం పెట్టిన, రాండ్రి."